ద్రాక్షతీగకు నేను చేసిన పోస్ట్‌మార్టం

బహ్రెయిన్‌లో, హూరా అనే పేటలో మేముండే బిల్డింగులో ఎవరైనా కుండీ పట్టుకుని వచ్చి తలుపు కొడితే నేను తియ్యను. "సుభద్రగారూ, ఈ మల్లె చలికి పోయిందంటారా, ఉందంటారా, ఒక్కసారి చూసి చెప్పండి" అని బయట నిలబడి బతిమాలతారు. "నన్నడక్కండి" అని లోపలినుంచే చెబుతాను. కోనసీమ మనిషి, తెలిసి కూడా చెప్పదు, ఎంత పొగరో అనుకుంటారు. పొగరు కాదండీ. కొన్నేళ్ళ క్రితం ఒక తీగ ప్రాణం మీద నేను తీర్పు చెప్పాను. ఆ తీర్పుతో ఒక ఇంటి పరువు డాబా ఎక్కింది, నా ఉద్యోగం డాబా అంచుదాకా వెళ్ళి తొంగి చూసి వచ్చింది. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను, వినండి. విన్నాక మీరు కూడా నాకు కుండీలు చూపించరు.

అప్పటికి నేను బహ్రెయిన్‌కి కొత్త. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. అరాద్‌లో ఒక ఇంట్లో వంటకీ ఇంటి పనికీ కుదిరాను. అరాద్ అంటే విమానాశ్రయానికి ఆనుకునే ఉంటుంది. నెత్తిమీంచి విమానం పోతుంటే మాట మధ్యలో ఆపేసి, అది పోయాక వదిలిన చోటే మళ్ళీ అందుకోవడం అక్కడి అలవాటు. ఇంట్లో మేడమ్, ఆవిడ భర్త, ఆయన తల్లి. ఆ పెద్దావిడని అందరూ మామా, అంటే అమ్మా, అనేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. కారు నడిపేది గంగన్న. జగిత్యాల వైపు మనిషి. గేటు పక్క గదిలో ఉండేవాడు.

"దుబాయికి వచ్చి శానేండ్లాయె చెల్లె, నీకేం తెల్వకున్నా నన్నడుగు" అన్నాడు మొదటి రోజే.

"ఇది బహ్రెయిన్ కదా గంగన్నా."

"అదే, దుబాయి" అన్నాడు శాంతంగా.

ఆ ఇంటి డాబా మామా రాజ్యం. పెయింటు డబ్బాల్లో మల్లెతీగలు, పాత నీళ్ళతొట్టిలో కాగితప్పూల తీగ, ఓ మూల కోసిన నీలం డ్రమ్ములో ద్రాక్షతీగ. ఆ తీగని డ్రమ్ములోంచి లేపి, గోడవెంట కట్టిన ఇనపతీగెల మీదికి పాకించారు. దాని కథ మేడమ్ చెప్పింది. మామా పుట్టిల్లు ఇక్కడే కర్జకాన్ అనే ఊరు. వాళ్ళ నాన్నగారికి అక్కడ తోట ఉండేదట. ఆ తోట పోయి ఇళ్ళు లేచాయి. పోయేముందు మామా ఒక కొమ్మ కోసుకొచ్చి ఈ డ్రమ్ములో గుచ్చింది. తోట మొత్తానికి మిగిలింది అదే.

"మాకు దాన్ని ముట్టుకోవాలంటే భయం. నీకు మొక్కల సంగతి తెలుసా?" అని అడిగింది మేడమ్.

తెలియదు అనడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి. ఒక్క మాట. అది నా నోట రాలేదు. "మాది కోనసీమ మేడమ్. మా దగ్గర పుల్ల గుచ్చి పక్కకి తిరిగేలోపు చిగురేస్తుంది" అన్నాను. పుల్ల గుచ్చేది మా మేనత్త, చిగురేసేది పుల్ల, పక్కకి తిరిగేది మాత్రమే నేను అన్న వివరం ఆవిడకి చెప్పలేదు. పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు. పెరట్లో తిరిగినంత మాత్రాన మనిషి కూడా చెట్టుకి పనికిరాదని సామెతలు కట్టినవాళ్ళు చేర్చి ఉంటే బాగుండేది.

చలికాలం మొదలవుతుండగా కువైట్‌లో ఉన్న మామా కూతురికి కాన్పయింది. మామా ప్రయాణం కట్టింది. వెళ్ళే ముందు నన్ను డాబా మీదికి తీసుకెళ్ళి అప్పగింతలు పెట్టింది. ఆవిడ చిన్నప్పుడెప్పుడో బొంబాయిలో ఉండి వచ్చిందిట, కొంచెం హిందీ వచ్చు. నాకు అంతకన్నా కొంచెం వచ్చు. మా ఇద్దరి కొంచేలూ కలిపినా ఒక పూర్తి వాక్యం అయ్యేది కాదు.

ఆవిడ ద్రాక్షతీగ వైపు, అంటే గోడ వైపు, చెయ్యి చూపించి "సర్దీ మే సోయేగా. ఛేడ్నా మత్" అంది.

చలికాలంలో నిద్రపోతాడు, కదిలించకు. అంతవరకు నాకు చక్కగా అర్థమైంది. ఎవరు నిద్రపోతారన్నదే తేలలేదు. గోడమీంచి వంగి చూశాను. సరిగ్గా కింద గంగన్న గది. పాపం, పెద్దావిడకి డ్రైవరంటే ఎంత జాలి అనుకుని, "ఐవా మామా, ఐవా" అని తలూపాను. 'ఐవా' అంటే అరబ్బీలో అవును. ఆ రోజుల్లో నాకు వచ్చిన అరబ్బీలో సగం అదే.

మామా వెళ్ళిపోయింది. ఆ రోజునుంచి మధ్యాహ్నం గంగన్న గది ముందు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేదాన్ని. రోజూ ఆ వేళకి ఇచ్చే టీ కూడా మానేశాను. నిద్రపోయేవాణ్ణి లేపొద్దంది కదా. అతను నా మీద అలిగాడని నాకు తెలియదు. నేను అతన్ని గౌరవిస్తున్నానని అతనికి తెలియదు.

చలి కాస్త ముదిరేసరికి ద్రాక్షాకులు పసుపుపచ్చగా మారాయి. తర్వాత గోధుమరంగు. తర్వాత ఒక గాలి రోజున అన్నీ రాలి డాబా అంతా దొర్లాయి. మల్లె నిలబడింది, కాగితప్పూలు నిలబడ్డాయి. ద్రాక్ష ఒక్కటీ చింపిరి చీపురులా మిగిలింది. మా వైపు ఆకులన్నీ రాలిన పాదు కనిపిస్తే పీకి పొయ్యిలో పెడతాం. నీళ్ళు పోశాను. కదల్లేదు. ఇంకా పోశాను. చలికి బిగుసుకుందేమోనని గోరువెచ్చని నీళ్ళు పోశాను. ఇంట్లో ఉన్న మందపాటి దుప్పటి ఒకటి తెచ్చి కప్పాను. దుప్పటి బెంగ పడ్డట్టు వేలాడింది, తీగ మాత్రం ఉలకలేదు.

మేడమ్ భోజనం దగ్గర అడిగింది. "తీగ ఎలా ఉంది సుభద్రా?"

"ప్రశాంతంగా ఉంది మేడమ్."

"ఎదుగుతోందా?"

"తొందరపడ్డం లేదు."

ఆకుకి అందకుండా పోకకి పొందకుండా మాట్లాడ్డం అంటారే, అందులో నాకు పుట్టుకతోనే ప్రవేశం ఉంది. ఈసారి ఆకే లేదు కనక ఇంకా సులువైంది.

ఇక లాభం లేదని మా మేనత్తకి ఫోన్ చేశాను. "అత్తా, తీగ చచ్చిందో బతికుందో ఎలా తెలుత్తాది?"

"గోరెట్టి గీకి సూడవే. పైతోలు కింద పచ్చగుంటే బతికున్నట్టు. ఎండిపోయుంటే పోయినట్టు. ఏ తీగే?"

"ఊరికే అడిగాను."

"నువ్వు ఊరికే ఏదీ అడగవు. ఎవరిదే ఆ తీగ?"

విమానం వస్తోందని చెప్పి ఫోన్ పెట్టేశాను. నిజంగానే వస్తోంది లెండి.

డాబా ఎక్కి డ్రమ్ము ముందు కూర్చున్నాను. మధ్యలో నిటారుగా, బొటనవేలు లావున, గోధుమరంగు కాండం. పక్కనే మామా పాత గుడ్డపీలికలతో చుట్టిన కట్ట ఏదో ఉంది. దాన్ని నేను పట్టించుకోలేదు. కాండాన్ని గీకాను. ఎండు చెక్క. ఇంకా కిందికి గీకాను. ఎండు చెక్క. మట్టి దాకా గీకుతూ పోయాను. గోరు అరిగింది గాని పచ్చదనం కనపడలేదు. పైన గోడమీద పాకిన కొమ్మ కొసని వంచితే పుటుక్కున విరిగింది. ఇంక సందేహం ఏముంది.

రెండో అభిప్రాయం కోసం గంగన్నని పిలిచాను. అలకతోనే వచ్చాడు. కారు తాళంచెవి తీసి అదే కాండం మీద గట్టిగా గీసి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూశాడు.

"సచ్చిపోయింది చెల్లె. ఇగ ఇది ఉత్త కట్టె."

"మామా నన్ను ఇంటికి పంపించేస్తుంది గంగన్నా. వాళ్ళ నాన్న తోటలో మిగిలింది ఇదొక్కటేనట."

అతని అలక అక్కడితో పోయింది. కాసేపు తీగనీ నన్నూ మార్చి మార్చి చూశాడు. "ఏడువకు. నేను సోంచాయిస్త" అన్నాడు.

గంగన్న ఆలోచించాడంటే ఏదో ఒకటి కొనుక్కొస్తాడని నాకు తర్వాత అర్థమైంది. మర్నాడు కారు డిక్కీ తెరిచి పెద్ద సంచి తీశాడు. అందులో ప్లాస్టిక్ ద్రాక్షాకుల దండలు. పెళ్ళిహాళ్ళలో గోడలకి కడతారు చూడండి, అవి. వాటితోపాటు ఊదారంగులో నిగనిగలాడుతూ ద్రాక్షగుత్తులు.

"గుత్తులెందుకు తెచ్చావు గంగన్నా?"

"ఆకులు ఒక్కటే అమ్మడట. గుత్తులతోని కలిపి సెట్టు."

"చలికాలంలో గుత్తులేంటి, అనుమానం రాదూ?"

"ఆకులు చూసి నమ్మినోళ్ళు గుత్తులు చూసి నమ్మరా?"

ఇద్దరం కలిసి ఎండిన కొమ్మలవెంట దండలు చుట్టాం. దూరంనుంచి చూస్తే అరాద్ మొత్తానికి అంత పచ్చని మూల ఇంకోటి లేదు. దగ్గరినుంచి చూస్తే కల్యాణమండపం. అందుకని దగ్గరికి ఎవర్నీ రానివ్వకూడదని తీర్మానించుకున్నాం.

శుక్రవారం మామా వీడియోలో మాట్లాడింది. మనవణ్ణి చూపించింది. మేడమ్ మురిసింది. ఆ తర్వాత నేను భయపడుతున్న మాటే వచ్చింది. "సుభద్రా, నా తీగని చూపించు." ఫోన్ పట్టుకుని డాబా ఎక్కి, మెట్ల దగ్గరే ఆగి, చెయ్యి ఎత్తి చూపించాను. ఫోన్‌లో మామా మాట ఆగిపోయింది. విమానం రావడంలేదు, అయినా ఆగిపోయింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "సుబ్‌హానల్లా" అంది మెల్లగా, దేవుడి మహిమ అన్నట్టు. తర్వాత కళ్ళు ఒత్తుకుంది.

ఎంత సంతోషపడిందో అనుకున్నాను. సంతోషమే, కాదనను. అందులోంచే మిగతా ప్రమాదమంతా పుట్టింది. ఆవిడ ఆ సాయంత్రమే కర్జకాన్‌లో ఉన్న అన్నగారికి ఫోన్ చేసి, నాన్న తీగ చలికాలంలో చిగురేసిందని చెప్పిందట. కువైట్ చుట్టాలకి చెప్పిందట. మనవడు పుట్టిన వేళావిశేషం అన్నారట. ఇంకో నెల ఉండాల్సిన మనిషి ఆ వారంలోనే టికెట్ మార్చుకుని వచ్చేసింది.

గంగన్న ఎయిర్‌పోర్టునుంచి తీసుకొచ్చాడు. మామా కాఫీ కూడా తాగలేదు. మోకాళ్ళ నొప్పులతో మెట్లు ఎక్కుతుంటే వెనక నేను, నా వెనక గంగన్న. ఉరికంబం ఎక్కేవాళ్ళు కూడా మాకన్నా హుషారుగా ఎక్కుతారు.

ఆవిడ తీగ దాకా వెళ్ళి నిలబడింది. ఒక ఆకుని రెండు వేళ్ళతో పట్టుకుంది. తిప్పి చూసింది. దాని వెనక చిన్న ధర చీటీ అంటించి ఉంది. తర్వాత ఒక గుత్తి అందుకుని నొక్కింది. అది కిచకిచమంది.

"నా తీగ తెల్ల ద్రాక్ష కాస్తుంది" అంది.

గంగన్న మెట్లకేసి చూశాడు. నేను నేలకేసి చూశాను. ఇక దాచి లాభంలేదని ఏడుస్తూ నాకొచ్చిన అరబ్బీ, హిందీ, తెలుగు అన్నీ కలిపి చెప్పేశాను. "తీగ ఖలాస్ మామా. చలికి ఖలాస్. గోరువెచ్చని నీళ్ళు పోసినా లేవలేదు. గోరెట్టి గీకి చూశాను. పచ్చగా లేదు. మీరు బాధపడతారని ఇలా చేశాం."

"ఎక్కడ గీకావు?"

చూపించాను. ఆవిడ వంగి ఆ కాండం మీద నా గోటి గాట్లు, గంగన్న తాళంచెవి గాట్లు వరసగా చూసింది. వాటి మీద వేలు పెట్టి పైనుంచి కిందిదాకా నడిపింది. తర్వాత రెండు చేతుల్తో ఆ కాండాన్ని పట్టుకుని లాగింది. అది డ్రమ్ములోంచి సునాయాసంగా ఊడివచ్చింది. వేరు లేదు. చివర చెక్కి మొన చేసి ఉంది.

"ఇది తీగ కాదు" అంది మామా. "తీగ వాలిపోకుండా నేను పాతిన కర్ర."

గంగన్న నా చెవిలో "నేను ముందే జెప్పిన గదా చెల్లె, ఉత్త కట్టె అని" అన్నాడు. ఇలాంటి సమయంలో కూడా తన మాటే నెగ్గిందని మనిషికి కాస్త తృప్తి.

మామా పక్కనున్న గుడ్డపీలికల కట్ట విప్పింది. లోపల అసలు తీగ. గాలికి ఒరుసుకోకుండా ఆవిడే చుట్టిందిట. గోటితో చిన్న గీత గీసింది. లోపల లేత ఆకుపచ్చ, తడితడిగా మెరుస్తూ. "ద్రాక్షతీగ చలికాలంలో ఆకులు రాల్చుకుని నిద్రపోతుంది. కదిలించకు అని నీకు చెప్పి వెళ్ళానా లేదా?"

అప్పుడు వెలిగింది నాకు. "అది తీగ గురించా మామా? నేను గంగన్న గురించి అనుకున్నాను."

"నా గురించా?" అన్నాడు గంగన్న. విషయం వివరించాను. అతను వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. "అంటే ఇన్నొద్దుల నుంచి నాకు చాయ్ రాకపాయె, దీని గురించా?"

మామా అక్కడే బోర్లించిన బకెట్ మీద కూర్చుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని దగ్గరికెళ్ళాను. నవ్వుతోంది. ముసుగు కొంగు నోట్లో కుక్కుకుని, శబ్దం రాకుండా, కళ్ళవెంట నీళ్ళు కారేలా నవ్వుతోంది. కాసేపటికి తెప్పరిల్లి, "కర్రకి గోరువెచ్చని నీళ్ళు కూడా పోశావా?" అని అడిగింది. దుప్పటి సంగతి కూడా చెప్పాను. మళ్ళీ మొదలుపెట్టింది.

నన్ను ఇంటికి పంపించలేదు. దండలన్నీ నా చేతే విప్పించింది. అన్నగారికి ఫోన్ చేసి, ఆకులు మళ్ళీ రాలిపోయాయి, చలి విరిగాక రమ్మని చెప్పింది. అది అబద్ధం కాదు. నేను రాల్చాను.

చలి విరిగింది. నిద్రపోయిన కొమ్మల కణుపుల దగ్గర దూదిలాంటి మొగ్గలు ఉబ్బి, ఒక్కొక్కటీ విచ్చుకుని, తీగ నిండా ఆకులు కమ్ముకున్నాయి. రోజూ పొద్దున్నే వెళ్ళి చూసేదాన్ని. చేతులు వెనక్కి కట్టుకునే చూసేదాన్ని.

ఒక శుక్రవారం మామా అన్నగారు భోజనానికి వచ్చారు. చాలా పెద్దాయన. లేత ద్రాక్షాకుల్లో బియ్యం, కొత్తిమీర, టమాటా పెట్టి చుట్టి పులుపునీళ్ళలో ఉడికిస్తారు ఇక్కడ. వాళ్ళ నాన్న తీగ ఆకులతో అది తినాలని ఆయన కోరిక. ఆకులు కోసే పని మామా నాకే అప్పగించింది. చూశారా, ఎంత పెద్ద మనసో. నేను ప్రాణం పెట్టి కోశాను. గోడ పైవరస మీద ఎండకి కాస్త వెలిసిన ఆకు ఒకటి కాడ గట్టిగా పట్టుకుని పెనుగులాడింది. దాన్నీ లాగి కోశాను. పొయ్యిమీంచి దించాక చూస్తే చాలా ఆకులు అక్కడక్కడా చిట్లాయి. ఒక్కటి మాత్రం చిట్లలేదు, మచ్చ లేదు, చుట్టు వీడలేదు, చూడముచ్చటగా ఉంది. అతిథికి మంచిది పెట్టాలి కదా. దాన్ని పెద్దాయన పళ్ళెంలో అన్నిటికన్నా పైన పెట్టాను.

ఆయన బిస్మిల్లా అని అదే అందుకున్నారు. నమిలారు. ఇంకా నమిలారు. ఒక విమానం వచ్చి పోయింది. ఆయన ఇంకా నములుతూనే ఉన్నారు. చివరికి మర్యాదగా రుమాలు అడ్డం పెట్టుకుని దాన్ని పళ్ళెం అంచున పెట్టారు.

"నాన్న ఉన్నప్పుడు ఈ ఆకులు ఇంత గట్టిగా ఉండేవి కావు" అన్నారు.

మామా ఆ ఆకుని చూసింది. తర్వాత తలుపు దగ్గర నిలబడ్డ నన్ను చూసింది. ముఖంలో ఒక్క గీత కూడా కదలకుండా, "డ్రమ్ము మట్టి కదా అన్నయ్యా" అంది.

"నిజమే" అన్నారాయన. "కర్జకాన్ నేల వేరు." పోయిన తోటని తలుచుకుని నిట్టూర్చారు. ప్లాస్టిక్ ఆకు నమిలి అంత బెంగ పెట్టుకున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఆయన వెళ్ళాక మామా వంటింట్లోకి వచ్చి, కడిగిన ఆ ఆకుని నా చేతిలో పెట్టింది. "అన్నయ్య వచ్చే శుక్రవారం కూడా వస్తానన్నాడు. తీగలో ఇలాంటివి ఇంకా ఎన్ని ఉన్నాయో, యల్లా, పోయి చూడు."

కాబట్టి కుండీలతో నా తలుపు కొట్టే ఇరుగుపొరుగులారా, స్నానం చేసి, తూర్పుకి తిరిగి, నా అరిగిన గోటి మీద ఒట్టేసి చెబుతున్నాను. ఏ తీగనీ పోయిందనను. ఏ కర్రనీ గీకను. మా ఊరి పేరు చెప్పి గొప్పలు పోను. ఇక అన్నిటికన్నా ముఖ్యమైన ప్రతిజ్ఞ: మా ఇంటికి భోజనానికి వచ్చిన వారెవ్వరికీ, వారు ఎంతటి పెద్దలైనా సరే, చూడ్డానికి చక్కగా ఉన్న ఆకు మాత్రం వడ్డించను.